పాపినని రాసుకున్న రాణి

1546 వేసవికాలం. ఇంగ్లండు రాజభవనంలో ఒక కాగితం కింద పడింది. రాజుగారి సలహాదారుల్లో ఒకరి దగ్గర్నుంచి జారిపోయిన కాగితం అది. అటుగా వెళ్తున్న భక్తిపరుడొకరు దాన్ని తీసి చదివి నిలువునా వణికిపోయాడు. రాణిగారిని బంధించడానికి సిద్ధమైన పత్రం అది. కింద సాక్షాత్తూ రాజుగారి సంతకం!

ఆ రాజు ఎనిమిదో హెన్రీ. అప్పటికే ఇద్దరు భార్యల తలలు తీయించినవాడు. ఆ రాణి ఆయన ఆరో భార్య కేథరిన్ పార్. ఆమె చేసిన నేరమేమిటి? దొంగతనం కాదు, వ్యభిచారం కాదు, రాజు మీద కుట్ర అంతకన్నా కాదు. దేవుని వాక్యాన్ని సొంత భాషలో చదివింది. చదివినదాన్ని తన చుట్టూ ఉన్న స్త్రీలతో పంచుకుంది. చివరికి రాజుగారితో కూడా దాన్ని గురించి మాట్లాడింది. ఆ రోజుల్లో అది ప్రాణాలు తీసే నేరం.

హతసాక్షుల చరిత్ర రాసిన జాన్ ఫాక్స్ ఈ సంఘటనను తన గ్రంథంలో పొందుపరిచాడు. జరిగిన రెండు దశాబ్దాల తర్వాత రాసిన కథనం కాబట్టి చరిత్రకారులు అందులోని ప్రతి వివరాన్నీ ఒకేలా అంగీకరించరు. అయితే ఆ వేసవిలో రాణి చుట్టూ ఉచ్చు బిగిసిందన్న సంగతికి ఇతర ఆధారాలూ తోడవుతున్నాయి.

ఈ వారం మనం ఈ రాణి జీవితాన్ని ధ్యానిద్దాం. ఆమెను మచ్చలేని పరిశుద్ధురాలిగా నిలబెట్టడం మన ఉద్దేశం కాదు. ఆమె భయపడింది. ఏడ్చింది. ప్రాణం దక్కించుకోవడానికి తల వంచింది. తర్వాత తొందరపాటుతో ఒక తప్పటడుగు కూడా వేసింది. అయినా దేవుడు ఆమెను పక్కన పెట్టలేదు. మనకు ఆదరణ కలిగించేది కూడా అదే.

ముప్ఫై ఏళ్లకే రెండుసార్లు విధవరాలు

కేథరిన్ 1512లో పుట్టింది. తండ్రి సర్ థామస్ పార్ 1517లో చనిపోయాడు. తల్లి మాడ్‌కు అప్పటికి పాతికేళ్లు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ముగ్గురు పిల్లలను దగ్గరుండి పెంచింది, చదివించింది. ఆడపిల్లలకు చదువెందుకని అనుకునే కాలంలో కేథరిన్‌కు చిన్నప్పుడే చదువు మీద ఇష్టం కలిగిందంటే ఆ తల్లి చలవే.

1529లో కేథరిన్‌కు ఎడ్వర్డ్ బరో అనే యువకుడితో పెళ్లయింది. నాలుగేళ్లు తిరక్కుండానే అతను చనిపోయాడు. 1534లో ఉత్తర ఇంగ్లండుకు చెందిన లాటిమర్ ప్రభువును చేసుకుంది. ఆయనకు మొదటి పెళ్లి వల్ల ఇద్దరు పిల్లలున్నారు. సవతి తల్లిగా కేథరిన్ పాఠాలు అక్కడే మొదలయ్యాయి.

ఆ పాఠాలు సులువైనవి కావు. 1536లో రాజుగారి మత విధానాల మీద ఉత్తరాది ప్రజలు తిరగబడ్డారు. లాటిమర్ ప్రభువును బలవంతాన తమతో తీసుకుపోయారు. 1537 జనవరిలో ఆయన ఇంట్లో లేని సమయంలో తిరుగుబాటుదారులు స్నేప్ కోటలోకి చొరబడి కేథరిన్‌నూ పిల్లలనూ బందీలుగా పట్టుకున్నారు. ఆయన తిరిగి రాకపోతే చంపేస్తామని బెదిరించారు. ఇల్లు దోచుకున్నారు. ఎలాగో ఆ గండం గడిచింది. కానీ మతం పేరిట రెండు పక్షాలు కత్తులు దూసుకుంటే మధ్యలో ఇంటి ఆడది, పిల్లలు ఎలా నలిగిపోతారో ఆమె పాతికేళ్ల లోపే కళ్లారా చూసింది.

1543లో లాటిమర్ కూడా కన్నుమూశాడు. ముప్ఫై ఏళ్లు దాటీ దాటకముందే కేథరిన్ రెండోసారి విధవరాలైంది.

తన చిత్తమా? దేవుని చిత్తమా?

అప్పుడు ఆమె మనసు థామస్ సీమోర్ అనే అందగాడి మీద ఉంది. జీవితంలో మొదటిసారి తనకు నచ్చినవాణ్ణి చేసుకోవాలనుకుంది. సరిగ్గా అదే సమయంలో రాజుగారి కన్ను ఆమె మీద పడింది. హెన్రీకి అప్పుడు యాభై రెండేళ్లు. భారీ శరీరం. కాలికి మానని పుండు. క్షణక్షణానికి మారే కోపం. మొదటి భార్యను వదిలేశాడు. రెండో భార్యకూ అయిదో భార్యకూ శిరచ్ఛేదం చేయించాడు. మూడో భార్య బిడ్డను కని చనిపోయింది. నాలుగో భార్యతో పెళ్లి చెల్లదని రద్దు చేసుకున్నాడు. అలాంటి ఇంటికి ఎవరు కోరి వెళ్తారు?

చాలాకాలం తర్వాత సీమోర్‌కే రాసిన ఉత్తరంలో కేథరిన్ ఈ సంగతి దాచుకోకుండా చెప్పింది. తన మనసు అప్పుడు పూర్తిగా అతని మీదే ఉందని, అయితే దేవుడు తన చిత్తానికి గట్టిగా అడ్డు నిలిచాడని, తనకు అసాధ్యమనిపించిన దాన్ని, అంటే సొంత ఇష్టాన్ని వదులుకోవడాన్ని, ఆయన కృపతో సాధ్యం చేశాడని రాసింది.

1543 జులై 12న హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో కొద్దిమంది సమక్షంలో పెళ్లి జరిగింది. జరిపించినవాడు వించెస్టర్ బిషప్పు స్టీఫెన్ గార్డినర్. ఈ పేరు గుర్తుంచుకుందాం. మళ్లీ వస్తుంది. తాను చేసే ప్రతి పనిలోనూ ఉపయోగపడాలన్నది కేథరిన్ ఎంచుకున్న ఆదర్శవాక్యం. కిరీటం పెట్టుకున్న స్త్రీ పనికిరావడం గురించి ఆలోచించింది!

చెదిరిన ఇంటిలో మొదటి పరిచర్య

రాజభవనంలోకి అడుగుపెట్టిన కేథరిన్‌కు ముందుగా కనిపించింది సింహాసనం కాదు, తల్లుల్లేని ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి మేరీ. కేథరిన్‌కన్నా నాలుగేళ్లే చిన్న. తన తల్లిని తండ్రి ఎలా అవమానించాడో చూసిన బిడ్డ. మనసంతా పాత కతోలిక మతాచారాల మీదే. రెండోది ఎలిజబెత్. రెండున్నరేళ్ల వయసులో తల్లి ఆన్ బొలీన్ తల నరికించాడు తండ్రి. మూడోవాడు ఎడ్వర్డ్. పుట్టిన పన్నెండు రోజులకే తల్లి పోయింది.

ఆ ముగ్గురూ వేర్వేరు ఇళ్లలో పెరుగుతున్నారు. కేథరిన్ వాళ్లకు ఉత్తరాలు రాసింది. కానుకలు పంపింది. వీలైనప్పుడల్లా తండ్రి దగ్గరికి చేర్చింది. ఎడ్వర్డ్ ఆమెను ప్రియమైన తల్లీ అని సంబోధిస్తూ లాటిన్‌లో జాబులు రాశాడు. మేరీ నమ్మకాలు వేరైనా ఆమెతో కేథరిన్ స్నేహం చెడిపోలేదు. 1544లో చట్టం ద్వారా మేరీకీ ఎలిజబెత్‌కూ సింహాసనం మీద వారసత్వపు వరుసలో మళ్లీ చోటు దక్కింది.

ఆ ఏడాదే హెన్రీ ఫ్రాన్సు మీద యుద్ధానికి వెళ్తూ రాజ్యభారాన్ని కేథరిన్ చేతిలో పెట్టాడు. జులై నుంచి దాదాపు మూడు నెలలు ఆమె రాజప్రతినిధిగా పాలించింది. సైన్యానికి డబ్బు, సరుకులు పంపడం, సలహాదారుల సమావేశాలు నడపడం, ప్రకటనలపై సంతకాలు చేయడం అన్నీ చూసుకుంది. ఆ రోజుల్లో ఆమె పక్కన నిలిచిన పెద్దల్లో ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మర్ ఒకరు. ఒక ఆడది దేశాన్ని నడపగలదని పదకొండేళ్ల ఎలిజబెత్ ఆ వేసవిలోనే తెలుసుకుంది.

ఆ ఏడాది చివర ఎలిజబెత్ తన సవతి తల్లికి ఒక కొత్త సంవత్సరపు కానుక పంపింది. నవార్ రాణి మార్గరీట్ ఫ్రెంచి భాషలో రాసిన భక్తి కావ్యాన్ని ఇంగ్లిషులోకి తర్జుమా చేసి, తన చేత్తో రాసిన చిన్న పుస్తకం అది. పైన ఎంబ్రాయిడరీ అట్ట. దాని మీద రాణి పేరులోని పొడి అక్షరాలు. ఆ పుస్తకం నేటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. తల్లి ప్రేమ తెలియని పిల్ల, కన్నతల్లి కాని తల్లికి ఇచ్చిన కానుక అది. ఇంట్లో సవతి పిల్లలున్నవారు, అనాథలను చేరదీసినవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. వారి శ్రమ వేదిక మీద కనిపించేది కాదు. దేవుని పుస్తకంలో మాత్రం అది పరిచర్యే.

రాణి పట్టిన కలం

ఇక్కడ అప్పటి ఇంగ్లండు స్థితి కొంచెం తెలుసుకోవాలి. హెన్రీ 1534లో రోము పోపుతో తెగతెంపులు చేసుకున్నాడు. అంతమాత్రాన ఆయన ప్రొటెస్టెంటు అయిపోలేదు. బైబిలును ఇంగ్లిషులోకి తెచ్చిన విలియం టిండేల్ 1536లో పరదేశంలో హతసాక్షి అయ్యాడు. 1539లో రాజాజ్ఞతోనే ప్రతి చర్చిలో ఇంగ్లిషు బైబిలు పెట్టించారు. అదే సంవత్సరం, ప్రభువు బల్లలోని రొట్టె అక్షరాలా క్రీస్తు శరీరంగా మారదన్నవారిని సజీవ దహనం చేయవచ్చని చట్టం కూడా తెచ్చారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నారన్నమాట.

1543లో మరో చట్టం వచ్చింది. చేతిపనులవారు, కూలీలు, పనివాళ్లు, సామాన్య స్త్రీలు ఇంగ్లిషు బైబిలు చదవకూడదు. గొప్పింటి స్త్రీలు మాత్రం ఒంటరిగా, తమలో తాము చదువుకోవచ్చు. ఇతరులకు చదివి వినిపించకూడదు. కేథరిన్ రాణి అయిన నెలలోనే విండ్సర్‌లో ముగ్గురిని విశ్వాసం నిమిత్తం కాల్చి చంపారు.

అలాంటి కాలంలో ఈ రాణి తన గదుల్లో వాక్య ధ్యానం జరిపించింది. బోధకులను పిలిపించి ప్రసంగాలు వింది. తన పరివారంలోని స్త్రీలను కూర్చోబెట్టుకుని వాక్యం చర్చించింది. 1545లో 'ప్రార్థనలు లేక ధ్యానాలు' అనే చిన్న పుస్తకాన్ని తన పేరుతో అచ్చు వేయించింది. ఇంగ్లండులో ఒక స్త్రీ సొంత పేరు పెట్టుకుని ఇంగ్లిషులో ప్రచురించిన మొదటి పుస్తకంగా చరిత్ర దీన్ని లెక్కిస్తోంది. థామస్ ఎ కెంపిస్ రాసిన ప్రసిద్ధ భక్తి గ్రంథంలోని మూడో భాగాన్ని ఆధారం చేసుకుని కూర్చిన పుస్తకం అది. అసలు గ్రంథంలో క్రీస్తుకూ శిష్యుడికీ సంభాషణ నడుస్తుంది. కేథరిన్ దాన్ని ఒక ఆత్మ దేవునితో ఒంటరిగా మాట్లాడే ప్రార్థనగా మార్చింది. సన్యాసుల కోసం రాసిన మాటలు ఇలా ఇల్లాలికీ, సిపాయికీ, సామాన్యుడికీ అందాయి.

అందులో యుద్ధానికి వెళ్లేవారి కోసం ఒక ప్రార్థన ఉంది. శత్రువుల హృదయాలు శాంతివైపు తిరగాలని, రక్తం చిందకుండా ఉండాలని, తప్పదనుకుంటే నిర్దోషులకు కీడు తక్కువగా జరగాలని ఆమె వేడుకుంది. తన భర్త చేస్తున్న యుద్ధం నడుమ ఒక భార్య చేసిన ప్రార్థన అది! ఈ పుస్తకాన్నే పన్నెండేళ్ల ఎలిజబెత్ లాటిన్, ఫ్రెంచి, ఇటాలియన్ భాషల్లోకి అనువదించి తండ్రికి కానుకగా ఇచ్చింది.

ఆమె చేయించిన ఇంకో గొప్ప పని కూడా ఉంది. ఎరాస్మస్ పండితుడు కొత్త నిబంధనకు లాటిన్‌లో రాసిన వివరణలను ఇంగ్లిషులోకి తర్జుమా చేయించింది. నికొలస్ ఉడాల్ ఆ పని చూసుకున్నాడు. యోహాను సువార్త భాగాన్ని తర్జుమా చేయమని కేథరిన్ ఎవరిని అడిగిందో తెలుసా? కతోలిక విశ్వాసంలో పట్టుదలగల మేరీని! మేరీ కొంత భాగం చేసి, ఆరోగ్యం బాగోలేక మిగతాది తన గురువుకు అప్పగించింది. 1548లో ఆ గ్రంథం మొదటి సంపుటం వెలువడింది. ప్రతి చర్చిలోనూ బైబిలు పక్కన దాన్ని ఉంచాలని అప్పటికే ఆజ్ఞ అయింది. వాదించి గెలవలేనివారిని వాక్యం దగ్గర కూర్చోబెట్టడం ఎంత జ్ఞానమో ఆలోచించండి.

ఇద్దరు స్త్రీలు, రెండు దారులు

1546 నాటికి హెన్రీ ఆరోగ్యం క్షీణించింది. తర్వాతి రాజు పసివాడు. అతని వెనక ఎవరు చక్రం తిప్పాలన్న పోరు మొదలైంది. గార్డినర్ వర్గానికి రాణి కంటిలో నలుసైంది. ఆమెను నేరుగా పట్టుకోలేక ముందు చుట్టుపక్కలవారి మీద వల వేశారు.

ఆ వలలో చిక్కింది ఆన్ ఆస్క్యూ. లింకన్‌షైర్‌కు చెందిన పాతికేళ్ల యువతి. వాక్యం చదువుతోందని భర్త ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. రొట్టె రొట్టెగానే ఉంటుందని, ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకోవడానికే దాన్ని తీసుకుంటామని ధైర్యంగా చెప్పింది. మరణశిక్ష వేసిన తర్వాత కూడా ఆమెను లండన్ టవర్‌లో శరీరాన్ని సాగదీసే యంత్రం మీద హింసించారు. ఛాన్సలర్ రియోథ్‌స్లీ, రిచర్డ్ రిచ్ స్వయంగా ఆ యంత్రాన్ని తిప్పారని ఆమే రాసిపెట్టింది. రాణి పరివారంలో నీతో కలిసినవాళ్లెవరు? డబ్బు పంపినవాళ్లెవరు? ఇవే ప్రశ్నలు. కీళ్లు సడలిపోయాయి కానీ ఆమె నోటినుంచి వారు కోరిన మాట రాలేదు. 1546 జులై 16న స్మిత్‌ఫీల్డ్ మైదానానికి ఆమెను కుర్చీలో మోసుకెళ్లారు. నడవలేని స్థితి. మరో ముగ్గురితో పాటు మంటల్లో ప్రభువును చేరింది.

ఆమె నోరు విప్పి ఉంటే రాణి మెడకు ఉరి బిగిసేది. ఒక సామాన్య స్త్రీ మౌనం ఒక రాణి ప్రాణాన్ని కాపాడింది.

ఆ తర్వాత జరిగింది ఫాక్స్ ఇలా చెప్పాడు. ఒకనాడు కేథరిన్ మతసంస్కరణ గురించి మాట్లాడి వెళ్లాక, ముసలితనంలో పెళ్లాం చేత పాఠాలు చెప్పించుకోవాల్సి వచ్చిందని రాజు విసుక్కున్నాడు. పక్కనే ఉన్న గార్డినర్ ఆ నిప్పు మీద నూనె పోశాడు. రాణిని బంధించే పత్రం తయారైంది. పెళ్లి జరిపించిన చెయ్యే చావుకు దారి వేసింది. అదే పత్రం జారిపడి రాణి దగ్గరికి చేరింది. అది చూసి ఆమె కుప్పకూలింది. ఏడుపు ఆగలేదు. మంచం పట్టింది.

కాస్త తేరుకున్నాక తన దగ్గరున్న నిషిద్ధ పుస్తకాలను తీయించేయమని చెలికత్తెలకు చెప్పింది. ఆ రాత్రి రాజు గదికి వెళ్లింది. రాజు కావాలనే మతం ప్రస్తావన తెచ్చాడు. కేథరిన్ తల వంచింది. తాను స్త్రీనని, తనకు నేర్పవలసినవాడు భర్తేనని, తాను వాదించింది ఆయన జవాబుల నుంచి నేర్చుకోవడానికీ, కాలినొప్పి మరిపించడానికీ మాత్రమేనని చెప్పింది. రాజు చల్లబడ్డాడు. మర్నాడు తోటలో ఇద్దరూ కూర్చుని ఉండగా రియోథ్‌స్లీ నలభై మంది భటులతో రాణిని పట్టుకోవడానికి వచ్చాడు. రాజు అతణ్ణి తిట్టి తరిమేశాడు. తన ప్రాణం తీయడానికి వచ్చినవాడి కోసం రాణే రాజును బతిమాలింది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఆన్ ఆస్క్యూ తల వంచలేదు, చనిపోయింది. కేథరిన్ తల వంచింది, బతికింది. మరి కేథరిన్ పిరికిదా? ఎస్తేరు కూడా మొదట మౌనంగానే ఉంది. తన వంశాన్ని బయటపెట్టలేదు. సమయం వచ్చినప్పుడు ప్రాణాలకు తెగించి రాజు సన్నిధికి వెళ్లింది. మౌనానికీ మాటకూ రెండింటికీ సమయముందని ప్రసంగి గ్రంథం బోధిస్తోంది. అలాగని కేథరిన్ చేసిందంతా జ్ఞానమేనని తేల్చేయడం కూడా సరికాదు. ఆ రాత్రి ఆమె మాటల్లో భయం ఉంది. పేతురు చలిమంట దగ్గర భయపడినట్టే. పేతురు కథ చలిమంట దగ్గర ముగియలేదు. కేథరిన్ కథ కూడా ఆ గదిలో ముగియలేదు.

విలాపంగా మారిన సాక్ష్యం

1547 జనవరి 28న హెన్రీ మరణించాడు. తొమ్మిదేళ్ల ఎడ్వర్డ్ రాజయ్యాడు. ఆ ఏడాది నవంబరులో కేథరిన్ రెండో పుస్తకం వెలువడింది. పేరు 'ఒక పాపి విలాపం'. హెన్రీ బతికి ఉండగానే ఆమె దీన్ని రాసి దాచుకుందని పండితుల అభిప్రాయం. తర్వాతి కాలంలో ఎలిజబెత్‌కు ముఖ్యమంత్రాంగం నడిపిన విలియం సెసిల్ దీనికి ముందుమాట రాశాడు.

పుస్తకం పేరే ఒక సాక్ష్యం. రాణులు తమ వంశం గురించి రాయించుకుంటారు, విజయాల గురించి పాడించుకుంటారు. ఈమె తన పాపం గురించి రాసుకుంది. తాను దేవుణ్ణి వదిలి మనుషుల ఆచారాలను నమ్ముకున్నానని, గుడ్డివారిని దారి చూపేవారిగా ఎంచుకున్నానని, క్రీస్తు రక్తాన్ని చాలినదిగా ఎంచలేదని ఒప్పుకుంది. క్రియల వల్ల కాక విశ్వాసం వల్లే నీతిమంతురాలిగా తీర్చబడ్డానని ప్రకటించింది. సిలువ మీద వేలాడిన క్రీస్తే అందరూ చదవవలసిన పుస్తకమని, చదువురానివారు సైతం ఆ పుస్తకం చదవగలరని ఆమె వివరించింది. బైబిలు ముట్టుకునే హక్కు కూలివారికి, ఆడవారికి లేదన్న చట్టం గుర్తుంటే ఈ మాట లోతు మనకు అర్థమవుతుంది.

ఇంకో సంగతి. ఆ పుస్తకంలో కేథరిన్ రోము ఆచారాలను మాత్రమే విమర్శించి ఊరుకోలేదు. సువార్త పేరు చెప్పుకుంటూ దానికి తగినట్టు బతకని సొంత పక్షంవారిని కూడా గట్టిగా మందలించింది. నోటినిండా వాక్యం, నడతలో మాత్రం లోకం. ఇలాంటివారి వల్ల దేవుని నామం దూషణకు గురవుతుందని హెచ్చరించింది. అవతలివారి తప్పులు లెక్కపెట్టడం మనకు తేలిక. ఆమె మొదట తన తప్పు, ఆ తర్వాత తనవాళ్ల తప్పు చూసింది.

తప్పటడుగు

దాచకూడని భాగం ఒకటి ఉంది. రాజు చనిపోయిన కొద్ది నెలలకే, 1547 వసంతంలో, కేథరిన్ పాత ప్రియుడు థామస్ సీమోర్‌ను రహస్యంగా పెళ్లాడింది. సంగతి తెలిశాక కొత్త రాజు సలహాదారులు మండిపడ్డారు. మేరీ నొచ్చుకుంది. నాలుగేళ్ల కిందట దేవుని చిత్తం కోసం వదులుకున్న మనిషిని తొందరపడి చేరుకుంది.

సీమోర్ అధికార దాహం ఉన్నవాడు. అప్పటికి ఎలిజబెత్ కేథరిన్ దగ్గరే ఉంటోంది. పద్నాలుగేళ్ల ఆ పిల్లతో సీమోర్ హద్దుమీరి ప్రవర్తించాడు. పొద్దున్నే ఆమె పడకగదిలోకి వెళ్లేవాడు. మొదట్లో కేథరిన్ దాన్ని ఆటగానే తీసుకుంది. ఒకటి రెండుసార్లు తాను కూడా అందులో పాల్గొంది. ఎలిజబెత్ దాదీ, పరిచారకులు తర్వాత విచారణలో ఇదంతా చెప్పారు. చివరికి 1548 మే నెలలో ఎలిజబెత్‌ను మరో ఇంటికి పంపించేసింది.

తప్పు పిల్లది కాదు. ఇంటి పెద్దది. కాపాడవలసిన తల్లి చాలాకాలం కళ్లు మూసుకుంది. దైవభక్తి ఉన్న ఇంట్లో కూడా ఇలాంటివి జరుగుతాయని, పరువు పోతుందని వాటిని నవ్వుతో కప్పేస్తే పసిమనసులు నలిగిపోతాయని ఈ సంఘటన మనల్ని హెచ్చరించడం లేదా? కేథరిన్ పుస్తకాలను మెచ్చుకునే మనం ఈ పేజీని చించేయకూడదు.

అయినా వారిద్దరి బంధం పూర్తిగా తెగలేదు. వెళ్లిపోయాక ఎలిజబెత్ రాసిన ఉత్తరంలో, తన గురించి ఏ చెడు మాట వినిపించినా తనకు చెబుతానని కేథరిన్ మాట ఇచ్చినందుకు కృతజ్ఞత తెలిపింది. విడిపోతూ కూడా ఆ పిల్ల పేరు పాడవకూడదని ఆమె తాపత్రయపడింది.

సూడ్లీలో ఒక సమాధి

1548 ఆగస్టు 30న గ్లాస్టర్‌షైర్‌లోని సూడ్లీ కోటలో కేథరిన్‌కు ఆడపిల్ల పుట్టింది. నాలుగు పెళ్లిళ్లలో ఆమెకు పుట్టిన ఒకే ఒక బిడ్డ. నొచ్చుకున్న మేరీ పేరే ఆ పాపకు పెట్టారు. బాలింత జ్వరంతో ఆరో రోజున, సెప్టెంబరు 5న, కేథరిన్ కన్నుమూసింది. జ్వర తీవ్రతలో, చుట్టూ ఉన్నవారు తనను సరిగా చూడడం లేదని, తన బాధ చూసి నవ్వుతున్నారని ఆమె భర్త చెయ్యి పట్టుకుని వాపోయిందని దగ్గరున్న స్త్రీ ఒకరు తర్వాత వాంగ్మూలమిచ్చారు. విశ్వాసులు చిరునవ్వుతోనే పోతారని రాసి ఉన్న కథలు మనకు చాలా తెలుసు. కేథరిన్ మరణం అలా లేదు. నొప్పి, అనుమానం, ఒంటరితనం ఆమెనూ వదల్లేదు. మరణపడకపై తమవారు పలికిన మాటలు తలచుకుని కుమిలే కుటుంబాలకు ఇది ఓదార్పు. మన రక్షణ మన చివరి మాటల మీద ఆధారపడి లేదు. క్రీస్తు ముగించిన పని మీద ఆధారపడి ఉంది.

సూడ్లీ ప్రార్థనాలయంలో ఆమెను సమాధి చేశారు. ప్రసంగించినవాడు బైబిలు అనువాదకుడు మైల్స్ కవర్‌డేల్. ఆరాధన ఇంగ్లిషులో జరిగింది. ఇంగ్లండు రాజకుటుంబ చరిత్రలో ప్రొటెస్టెంటు పద్ధతిలో జరిగిన మొదటి అంత్యక్రియలు ఇవేనంటారు. దుఃఖించేవారి ముందు వరుసలో నడిచింది కేథరిన్ దగ్గర పెరుగుతున్న పదకొండేళ్ల జేన్ గ్రే. ఆ పాపే అయిదేళ్ల తర్వాత తొమ్మిది రోజుల రాణి అయి, 1554లో తన విశ్వాసం మార్చుకోకుండా తల అర్పించింది.

సీమోర్ 1549 మార్చిలో రాజద్రోహ నేరానికి తల పోగొట్టుకున్నాడు. పసిబిడ్డ మేరీ పేరు 1550 తర్వాత చరిత్రలో కనిపించదు. పసితనంలోనే పోయిందని చరిత్రకారులు భావిస్తారు.

ఏం మిగిలింది?

లోకం కళ్లతో చూస్తే ఏమీ మిగల్లేదు. పట్టపురాణిగా ఆమె ఉన్నది మూడున్నర ఏళ్లే. బతికింది ముప్ఫై ఆరేళ్లే. బిడ్డ లేదు. భర్త నిలవలేదు. ఆమె సమాధి కూడా చాలాకాలం మరుగునపడి 1782లో బయటపడింది.

కానీ ఆమె చేత్తో విత్తిన గింజలు మొలకెత్తాయి. ఆమె ప్రార్థనల పుస్తకం ఆ శతాబ్దమంతా మళ్లీమళ్లీ అచ్చయింది. ఆమె తర్జుమా చేయించిన వివరణ గ్రంథం పల్లెటూరి చర్చిల దాకా వెళ్లింది. ఆమె ఇంట్లో పెరిగిన ఎలిజబెత్ 1558లో రాణి అయి నలభై నాలుగేళ్లకు పైగా పాలించింది. ఇంగ్లండు సంఘం ప్రొటెస్టెంటు సంఘంగా స్థిరపడింది ఆమె కాలంలోనే.

1546లో ఇంకో సంగతి జరిగింది. కొత్త చట్టం వల్ల తమ ఆస్తులు పోతాయేమోనని భయపడిన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం రాణిని ఆశ్రయించింది. ఆమె రాజుతో మాట్లాడి వాటిని కాపాడింది. అయితే జవాబు రాస్తూ ఒక హితవు చెప్పింది. లోకజ్ఞానం కోసం ఆకలిగొని క్రీస్తు బోధను మరవవద్దని, మిగతా చదువులన్నీ ఆ బోధకు సేవ చేయాలని కోరింది. ఆ సంవత్సరమే హెన్రీ అక్కడ ట్రినిటీ కళాశాలను స్థాపించాడు. పిల్లల మార్కుల కోసం ఆదివారపు ఆరాధన మాన్పించే తల్లిదండ్రులుగా మనం ఈ ఉత్తరాన్ని ఒకసారి తలచుకోవాలి.

ఈ రాణి జీవితం మన ముందు ఉంచే ప్రశ్నలు సూటిగానే ఉన్నాయి. మన చేతిలో బైబిలు ఉంది. దాన్ని తెరిచినందుకు మనల్ని బంధించే పత్రం మీద ఎవరూ సంతకం చేయడం లేదు. మరి ఎన్నాళ్లయింది దాన్ని తెరిచి? మనల్ని కాపాడటానికి నోరు మూసుకుని బాధపడిన ఆన్ ఆస్క్యూలు మన జీవితాల్లో ఎవరు? వారికి కృతజ్ఞత చెప్పామా? మన కడుపున పుట్టకపోయినా మన దగ్గర పెరుగుతున్న పిల్లలు మనల్ని చూసి ఏం నేర్చుకుంటున్నారు? వారికి మన ఇల్లు భద్రమైన చోటేనా?

కేథరిన్‌కు పట్టాలు, బిరుదులు ఎన్నో ఉన్నాయి. పుస్తకం పేరు పెట్టవలసి వచ్చినప్పుడు మాత్రం వాటన్నిటినీ పక్కన పెట్టి పాపి అన్న ఒక్క మాటే ఎంచుకుంది. ఆలయంలో దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న సుంకరి ఎంచుకున్నది కూడా ఆ మాటే. అతడు నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడని ప్రభువు చెప్పాడు. రాణికైనా కూలికైనా ఆ ఇంటికి వేరే దారి లేదు. ఈ వారం మన ప్రార్థనను ఆ మాటతోనే మొదలుపెడదాం.